సర్వర్‌లో సామాన్ల చిట్టా పోతే..?

2024 జులై 1. సర్వర్లు చూసుకునేవాళ్ల ఫోన్లు ఆ రోజు మోగుతూనే ఉన్నాయి. ఓపెన్ఎస్ఎస్‌హెచ్ అనే ప్రోగ్రామ్‌లో పెద్ద లోపం ఉందని క్వాలిస్ అనే సెక్యూరిటీ కంపెనీ ప్రకటించింది. ఎక్కడో ఉన్న లినక్స్ సర్వర్‌లోకి మనం ఇక్కడి నుంచి లాగిన్ అయ్యేది దీని ద్వారానే. ఇంటికి వీధి తలుపు ఎలాగో సర్వర్‌కి ఇది అలాగ. ఆ తలుపులోంచి పాస్‌వర్డ్ లేకుండానే లోపలికొచ్చి ఏకంగా రూట్, అంటే యజమాని అధికారం లాక్కునే వీలుందని తేలింది. 2006లో ఒకసారి సరిచేసిన తప్పే తర్వాతి మార్పుల్లో మళ్లీ వచ్చి కూర్చుంది. 8.5 నుంచి 9.7 దాకా ఉన్న వెర్షన్లకు ప్రమాదం.

నాకు తడ నుంచి శ్రీసిటీ దాకా నాలుగైదు చిన్న సంస్థల సర్వర్లు అప్పగించి ఉన్నాయి. ఆ సాయంత్రం నేను తేల్చాల్సింది ఒక్కటే: ఏ సర్వర్‌లో ఏ వెర్షన్ ఉంది? కొత్తది ఎక్కించామా, లేదా?

ఒక్కో మెషీన్‌నూ అడుగుతూ పోయాను. అన్నీ టకటకా చెప్పేశాయి. అప్‌డేట్ కొట్టాను, అయిపోయింది. ఒక్కటి మాత్రం మొండికేసింది. 'స్టేటస్ ఫైల్ తెరవలేకపోతున్నాను, అలాంటి ఫైలే లేదు' అంది. ఆ మెషీన్‌లో నడుస్తున్నది ఒక లేబర్ కాంట్రాక్టు సంస్థ హాజరు పట్టిక. ఫ్యాక్టరీలకు బస్సుల్లో వెళ్లే కొన్ని వందల మంది మహిళల వేలిముద్రలు, ఓవర్‌టైమ్ లెక్కలు, జీతాల స్లిప్పులు అన్నీ దాంట్లోనే. 7వ తేదీకి జీతాలు పడాలి. అంటే చేతిలో ఉన్నది వారం కూడా కాదు.

ఆ వారం ఏం జరిగిందో చెప్పేముందు, ఆ మెషీన్‌లో పోయిందేమిటో తెలుసుకోవాలి.

లైన్ ఇళ్లు.. గెస్ట్ మెషీన్లు

మా తడ మీకు తెలిసే ఉంటుంది. చెన్నై నుంచి సూళ్లూరుపేట లోకల్ రైలెక్కితే, ఆరంబాక్కం దాటాక వచ్చే స్టేషన్. తమిళనాడు వైపు నుంచి వస్తుంటే ఆంధ్రకు గడప. 2022 ఏప్రిల్ దాకా నెల్లూరు జిల్లాలో ఉండేది, ఇప్పుడు తిరుపతి జిల్లా. అటు శ్రీసిటీ, ఇటు మాంబట్టు ఫ్యాక్టరీలు వచ్చాక ఊళ్లో లైన్ ఇళ్లు పెరిగాయి. ఒకే ప్రహరీ, ఒకే బోరు, ఒకే కరెంటు లైను. లోపల వరసగా పది పోర్షన్లు. ఎవరి తలుపు వాళ్లది, ఎవరి వంట వాళ్లది.

సర్వర్లలో గెస్ట్ మెషీన్లు కూడా ఇంతే. పెద్ద కంప్యూటర్ ఒకటి ఉంటుంది, దాన్ని హోస్ట్ అంటారు. అందులో పది చిన్న లినక్స్ మెషీన్లు నడుస్తుంటాయి, అవి గెస్టులు. కంటైనర్ అనే రకంలో బోరు ఒకటే. అంటే కెర్నల్ అందరికీ ఉమ్మడి. ఫైళ్లు, ప్రోగ్రాములు మాత్రం ఎవరివి వాళ్లకే. పూర్తి వర్చువల్ మెషీన్ అయితే బోరు కూడా వేరు, విడిగా కట్టుకున్న ఇల్లన్నమాట. కంటైనర్ చవక, తేలిక. అందుకే చిన్న సంస్థలన్నీ అటే మొగ్గుతాయి.

ప్రతి పోర్షన్‌కీ వంటింట్లో సామాన్లుంటాయి కదా! లినక్స్‌లో ఆ సామాన్లే ప్యాకేజీలు. లాగిన్ తలుపొక ప్యాకేజీ, డేటాబేస్ ఒక ప్యాకేజీ, తెలుగు అక్షరాలు చూపించే ఫాంట్లు ఇంకో ప్యాకేజీ. 2025 ఆగస్టు 9న వచ్చిన డెబియన్ 13లో మొత్తం 69,830 ప్యాకేజీలున్నాయి. మనకు కావాల్సినవి కొన్ని వందలే. వాటిలో ఏవి మన ఇంట్లో ఉన్నాయో రాసిపెట్టుకునే చిట్టానే ప్యాకేజీ డేటాబేస్.

చిట్టాలో ఏముంటుంది?

డేటాబేస్ అనగానే పెద్ద సాఫ్ట్‌వేర్ అనుకుంటాం. డెబియన్, ఉబుంటుల్లో ఇది మామూలు టెక్స్ట్ ఫైలు. వార్ అనే ఫోల్డర్లో లిబ్, అందులో డీపీకేజీ అనే ఫోల్డరు. దాంట్లో స్టేటస్ అనే ఫైలు. తెరిస్తే చదువుకోవచ్చు. ప్యాకేజీ పేరు, వెర్షన్, అది ఎవరి మీద ఆధారపడి ఉంది, పూర్తిగా ఎక్కిందా లేక సగంలో ఆగిందా, అన్నీ ఉంటాయి. పక్కనే ఇన్ఫో అనే ఇంకో ఫోల్డరు. ఒక్కో ప్యాకేజీ ఏయే ఫైళ్లు తెచ్చిపెట్టింది, వాటి వేలిముద్రల్లాంటి చెక్‌సమ్‌లు ఏంటి, తీసేసేటప్పుడు ఏ స్క్రిప్టు నడపాలి అన్నది అందులో దొరుకుతుంది.

డెబియన్‌ను 1993లో మొదలుపెట్టింది ఇయాన్ మర్డాక్. డీపీకేజీకి ఇప్పుడున్న రూపం ఇచ్చింది ఇయాన్ జాక్సన్. ముప్ఫై ఏళ్లు దాటినా చిట్టా ఇంకా టెక్స్ట్ ఫైలుగానే ఉంది. రెడ్‌హ్యాట్ కుటుంబంలో దీనికి సమానమైనది ఆర్‌పీఎం. దాని చిట్టా చాలాకాలం బర్కిలీ డీబీ అనే పద్ధతిలో ఉండేది. 2020లో వచ్చిన ఫెడోరా 33తో ఎస్‌క్యూలైట్‌కి మారింది.

ఇక్కడో సంగతి గుర్తుంచుకోవాలి. చిట్టా పోతే సామాన్లు పోవు. ప్రోగ్రాములన్నీ మామూలుగానే నడుస్తాయి. వెబ్‌సైట్ తెరుచుకుంటుంది, వేలిముద్ర పడుతుంది, స్లిప్ ప్రింటవుతుంది. అందుకే పోయిన సంగతి ఎవరికీ తెలియదు. కొత్త సామాను తేవాల్సిన రోజున, లేదంటే చెడిపోయిన సామాను మార్చాల్సిన రోజున బయటపడుతుంది. ఆ రోజు మాకు జులై 1 అయింది.

'సైట్ బానే నడస్తా ఉండాది గదన్నా!'

ఆ సంస్థలో కంప్యూటర్లు చూసుకునే కుర్రాడిని అడిగాను. 'మార్చిలో డిస్క్ నిండిపోయిందన్నా. వార్ ఫోల్డర్ పెద్దదిగా కనపడితే అనవసరమైనవి తీసేశా. సైట్ బానే నడస్తా ఉండాది గదన్నా!' అన్నాడు. డీపీకేజీ ఫోల్డర్ పోయింది. డెబియన్ తనంతట తానే స్టేటస్ ఫైలుకు రోజువారీ కాపీలు బ్యాకప్స్ అనే ఫోల్డర్లో దాచిపెడుతుంది. పేరు చూసి అదీ అనవసరమే అనుకుని తీసేశాడు. తప్పు పట్టడానికి లేదు. ఏది తీయొచ్చో, ఏది తీయకూడదో అతనికి ఎవరూ చెప్పలేదు.

లాగిన్ తలుపుని అడిగితే తన వెర్షన్ తాను చెప్పింది. పాతదే. తెలిసి ఏం లాభం? కొత్తది ఎక్కించాలంటే ఎక్కదు. ముందుగా ఫైర్‌వాల్‌లో ఆ తలుపుకు బయటి నుంచి దారి మూసేశాం. దాంతో ఊపిరి పీల్చుకునే టైం దొరికింది కానీ రోగం తగ్గలేదు.

ఇలాంటప్పుడు ఇంటర్నెట్‌లో ఒక సలహా కనపడుతుంది: 'ఖాళీ స్టేటస్ ఫైల్ ఒకటి పెట్టెయ్, పనైపోతుంది'. పెడితే ఎర్రర్ పోతుంది, నిజమే. కానీ ఆ మెషీన్‌లో ఒక్క సామానూ లేదని సిస్టమ్ నమ్మేస్తుంది. లాగిన్ ప్యాకేజీ ఒక్కటి అడిగితే, దానికి కావాల్సిన పునాది లైబ్రరీలన్నీ కొత్తగా తెచ్చి ఉన్నవాటి మీద పరుస్తుంది. ఆ ఒక్కటీ సురక్షితం అవుతుంది సరే, మిగతా వందల ప్యాకేజీలు చిట్టాలోకి రాకుండా అనాథల్లా ఉండిపోతాయి. రేపు వాటిలో లోపం బయటపడితే అప్‌డేట్ వాటి జోలికే వెళ్లదు. అప్‌డేట్ చేయమంటే 'అంతా కొత్తదే' అని అబద్ధం చెప్తుంది. నా దృష్టిలో ఎర్రర్ కన్నా ఇదే ప్రమాదం.

జాడలు వెతికి, కొత్త పోర్షన్ కట్టి

చిట్టా పోయినా సామాన్లు జాడలు వదులుతాయి. డెబియన్‌లో ప్రతి ప్యాకేజీ డాక్ అనే ఫోల్డర్లో తన పేరుతో ఒక చిన్న ఫోల్డర్ పెట్టుకుంటుంది. అందులో మార్పుల జాబితా ఉంటుంది. దాని మొదటి వరసలోనే వెర్షన్ నంబరు. లాగ్ ఫోల్డర్లో ఎప్పుడు ఏది ఎక్కించారన్న చరిత్ర దొరుకుతుంది. ఇక యాప్ట్ ఫోల్డర్లో ఎక్స్‌టెండెడ్ స్టేట్స్ అనే ఫైలుంది. మనం అడిగి తెచ్చుకున్నది కాకుండా, వేరేదాని కోసం వెంట వచ్చినవి ఏవో అందులో రాసి ఉంటుంది. డీపీకేజీ ఫోల్డర్ బయట ఉండటంతో అది బతికిపోయింది.

ఈ మూడూ కలిపి చూస్తే నాలుగు వందలకు పైగా పేర్లు తేలాయి. వెంట వచ్చినవి తీసేస్తే, నిజంగా అడిగి తెచ్చుకున్నవి నలభై లోపే. ఆ నలభైతో పాత మెషీన్‌కు మరమ్మతు చేయొచ్చు. నేను చేయలేదు. హోస్ట్‌లో ఖాళీ చేసుకుని, పక్కనే కొత్త గెస్ట్ పెట్టి, ఆ నలభై ప్యాకేజీలూ పద్ధతిగా ఎక్కించాను. పాతదాంట్లోంచి డేటా, సెట్టింగ్స్ మాత్రమే తెచ్చాను. కారేసిన గోడకు సున్నం కొట్టేకన్నా కొత్త పోర్షన్‌లోకి మారడం మేలు. పాతది నడుస్తూనే ఉంటుంది, కొత్తది సరిగ్గా ఉందని తేలాకే మారతాం. ఒక్క పూట కూడా హాజరు ఆగదు.

ఆ నలభైలో ఒక పేరు దగ్గర ఆగాల్సొచ్చింది: ఫాంట్స్-టెలు-ఎక్స్‌ట్రా. తిరుమల కృష్ణ దేశికాచార్యులు తయారుచేసిన పోతన, వేమన ఫాంట్లు డెబియన్‌లో ఈ ప్యాకేజీగా దొరుకుతాయి. హాజరు లెక్కకు దీంతో పనిలేదు. అది లేకపోయినా సాఫ్ట్‌వేర్ ఎర్రర్ ఇవ్వదు. కానీ స్లిప్‌లో తెలుగు రావాల్సిన చోట ఖాళీ డబ్బాలొస్తాయి. హోస్ట్‌లో ఫాంట్ ఉన్నా గెస్ట్‌కు పనికిరాదు. పక్క పోర్షన్‌లో పప్పుంటే మన కుండ ఉడకదు కదా!

అక్కడి సూపర్‌వైజర్ అక్క ముందే చెప్పింది: 'స్లిప్పులో తెలుగుంటేనే మా పిలకాయలు చూసుకుంటారు తమ్ముడూ. లేకుంటే ఓటీ ఎంతేశారో కూడా అడగరు.' వాళ్లకు ఆ కాగితమే ఆధారం. ఓవర్‌టైమ్ గంటలు తక్కువ పడితే నిలదీసి అడగడానికి ఉన్నది అదొక్కటే. డాక్ ఫోల్డర్లో ఆ పేరు కనపడింది కాబట్టి ఫాంట్ కొత్త మెషీన్‌లోకి వచ్చింది. జులై 5 రాత్రి మారాం. 7న స్లిప్పులు తెలుగులోనే వచ్చాయి.

చిట్టా లోపలా? బయటా?

ఇదంతా అయ్యాక ఆ సంస్థ మేనేజర్ గారు మంచి ప్రశ్న వేశారు: 'ఆ లిస్టేదో గెస్ట్‌లో కాకుండా బయటెక్కడైనా పెట్టకూడదా?'

ఇది కొత్త ప్రశ్న కాదు. డాకర్ పుట్టకముందే దీని మీద ప్రయోగాలు జరిగాయి. 2001లో జాక్ జెలినా లినక్స్-వీసర్వర్ అనే ప్రాజెక్టు మొదలుపెట్టాడు. తర్వాత దాన్ని హెర్బర్ట్ పోట్జల్ నడిపించాడు. ఒకే కెర్నల్ మీద చాలా గెస్టులు నడిపే తొలి ప్రయత్నాల్లో ఇదొకటి. దాని పనిముట్లలో ప్యాకేజీ చిట్టాకు రెండు పద్ధతులుండేవి. ఇంటర్నల్ అంటే చిట్టా గెస్ట్ లోపలే. ఎక్స్‌టర్నల్ అంటే హోస్ట్ దగ్గర, గెస్ట్ కంటికి కనపడని చోట. హోస్ట్‌లో కూర్చుని వీయాప్ట్-గెట్, వీఆర్‌పీఎం లాంటి కమాండ్లతో ఏ గెస్ట్‌లోకైనా ప్యాకేజీ ఎక్కించొచ్చు.

బయట పెడితే లాభాలున్నాయి. లోపలున్నవాళ్లు పొరపాటున తీసేయలేరు. దొంగ లోపలికి వచ్చినా చిట్టాను దిద్దలేడు. గెస్ట్‌లో ప్యాకేజీ మేనేజరే అక్కర్లేదు కాబట్టి చోటు మిగులుతుంది. వంద గెస్టుల్లో ఏముందో ఓనరు ఒక్కచోట చూసుకోవచ్చు.

చిక్కులూ ఉన్నాయి. అద్దెకున్నవాళ్లు సొంతంగా ఒక్క సామాను తెచ్చుకోవాలన్నా ఓనర్నే అడగాలి. గెస్ట్‌ను వేరే హోస్ట్‌కు మార్చినప్పుడు చిట్టా పాత ఇంట్లోనే ఉండిపోయే ప్రమాదం ఉంది. హోస్ట్‌లోని ఆర్‌పీఎం ఒక వెర్షన్, గెస్ట్‌ది ఇంకో వెర్షన్ అయితే ఒకరి రాత ఒకరికి అర్థం కాదు. బర్కిలీ డీబీ నుంచి ఎస్‌క్యూలైట్‌కి మారినప్పుడు ఇదే ఇబ్బంది. బయటున్న చిట్టాను లోపలికి మార్చే కమాండ్ కూడా ఆ పనిముట్లలోనే పెట్టారు.

2008లో ఎల్‌ఎక్స్‌సీ, 2013లో డాకర్ వచ్చాక ఎక్కువమంది లోపలి పద్ధతికే ఓటేశారు. ఇల్లు మారితే చిట్టా కూడా మూటలో వస్తుందన్నదే కారణం. ఇప్పుడు కంటైనర్లలో లోపాలు వెతికే స్కానర్లు మొదట తెరిచేది ఆ చిట్టానే. అది లేకపోతే స్కానర్‌కు ఏమీ కనపడదు. ఏమీ కనపడకపోతే రిపోర్టు పచ్చగా వస్తుంది. పచ్చగా ఉందని మనం నిద్రపోతాం. గూగుల్ తయారుచేసిన డిస్ట్రోలెస్ అనే బుల్లి ఇమేజ్‌లలో షెల్ కూడా ఉండదు. అయినా ప్యాకేజీల వివరాలు మాత్రం ఉంచుతారు, స్కానర్ల కోసమే.

మేనేజర్ గారికి నేను చెప్పింది మధ్యేమార్గం: చిట్టా లోపలే ఉండనివ్వండి, నకలు బయట పెట్టండి.

మేం ఇప్పుడు పాటిస్తున్నవి

మొదటిది, రాత్రి నకలు. రోజూ రాత్రి హోస్ట్ ప్రతి గెస్ట్ చిట్టా చదివి, పేర్లు, వెర్షన్లు ఒక ఫైల్లో రాసుకుంటుంది. దీనికి గెస్ట్ లోపలికి వెళ్లక్కర్లేదు. చిట్టా ఎక్కడుందో దారి చెప్తే డీపీకేజీ బయటి నుంచే చదువుతుంది. ఆ ఫైలు గిట్‌లో ఉంటుంది. నిన్నటికీ ఇవాళ్టికీ తేడా ఒక్క చూపులో తెలిసిపోతుంది. కొత్త లోపం ప్రకటించిన రోజున పది గెస్టుల చుట్టూ తిరగం, ఒక్క ఫైల్లో వెతుకుతాం.

రెండోది, బయటి నుంచి చదవడమే, రాయడం వద్దు. అన్‌ప్రివిలేజ్డ్ అనే రకం కంటైనర్లలో లోపలి రూట్, బయటి రూట్ ఒకటి కాదు. లోపల సున్నా నంబరు యూజర్ బయట లక్ష నంబరు వాడై ఉంటాడు. హోస్ట్ నుంచి ఫైలు రాస్తే, లోపలికెళ్లి చూసేసరికి దానికి యజమానే ఉండడు. ఎక్కించే పనంతా గెస్ట్ లోపలి నుంచే.

మూడోది, ఏది తీయొచ్చు, ఏది తీయకూడదు అని గోడ మీద అంటించిన కాగితం. యాప్ట్ క్యాష్‌లోని ఆర్కైవ్స్ తీయొచ్చు, అవి దించుకున్న ప్యాకెట్లు మాత్రమే. యాప్ట్‌లోని లిస్ట్స్ కూడా తీయొచ్చు, అది బజారు ధరల పట్టీ లాంటిది, మళ్లీ తెచ్చుకోవచ్చు. డీపీకేజీ ఫోల్డర్ మాత్రం ముట్టుకోకూడదు. అది మన ఇంటి చిట్టా, బజారులో దొరకదు.

నాలుగోది, లాక్ ఫైలు. 'వేరే ప్రాసెస్ వాడుతోంది' అని మెసేజ్ రాగానే లాక్ ఫైల్ డిలీట్ చేసేయమని యూట్యూబ్ వీడియోలు చెప్తాయి. ఆ లాక్ ఉన్నదే ఇద్దరు ఒకేసారి చిట్టాలో రాయకుండా. ఎవరు రాస్తున్నారో చూడండి, అయ్యేదాకా ఆగండి. చాలాసార్లు అది ఆటోమేటిక్ అప్‌డేటే అయ్యుంటుంది, రెండు నిమిషాల్లో దానంతటదే వదులుతుంది.

ఐదోది, నెలకోసారి తనిఖీ. డీపీకేజీకి ఆడిట్ అనే ఆప్షన్ ఉంది, సగంలో ఆగినవి చూపిస్తుంది. వెరిఫై అనే ఇంకోటి ఉంది, చిట్టాలోని చెక్‌సమ్‌తో ఫైలును పోల్చి మారినవి చెప్తుంది. మనం మార్చని ఫైలు మారిందంటే ఎవరో వచ్చి వెళ్లారేమోనని అనుమానించాల్సిందే.

ఫోన్‌లోనే చూసేయండి

ఇదంతా సర్వర్ల గోల, మాకెందుకంటారా? మీ చేతిలో ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్ నడిచేది కూడా లినక్స్ కెర్నల్ మీదే. ఎఫ్-డ్రాయిడ్ నుంచి టెర్మక్స్ అనే యాప్ వేసుకోండి. అది కూడా యాప్ట్, డీపీకేజీలనే వాడుతుంది. ఏయే ప్యాకేజీలున్నాయో అడిగితే జాబితా ఇస్తుంది. తర్వాత ప్రూట్-డిస్ట్రో అనే ప్యాకేజీ వేసి, దాంతో డెబియన్ దించుకోండి. ఫోన్‌లో కొంచెం చోటు, మంచి వైఫై ఉంటే చాలు. ఆ డెబియన్‌లోకి లాగిన్ అయి అదే ప్రశ్న మళ్లీ అడగండి. వేరే జాబితా వస్తుంది. ఒకే ఫోను, రెండు చిట్టాలు! టెర్మక్స్‌లో ఒక ప్యాకేజీ ఎక్కించి డెబియన్‌లో వెతకండి, కనపడదు. పోర్షన్లు వేరంటే ఏంటో మీ కళ్లతోనే చూస్తారు.

ధైర్యం ఉంటే ఇంకో అడుగు వేయండి. ఆ డెబియన్‌లో ముఖ్యమైనదేమీ లేదు కాబట్టి, స్టేటస్ ఫైల్ పేరు మార్చి, ఏదైనా ప్యాకేజీ ఎక్కించడానికి ప్రయత్నించండి. ఏ ఎర్రర్ వస్తుందో చూసి, డాక్ ఫోల్డర్లో జాడలు వెతకండి. మళ్లీ పేరు సరిచేస్తే అంతా మామూలే. ఉద్యోగం ఇంటర్వ్యూలో లినక్స్ తెలుసని చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు. చిట్టా పోయిన మెషీన్‌ను ఒక్కసారైనా చూసినవాళ్లు తక్కువ.

ఆ సంస్థలో కుర్రాడిప్పుడు డిస్క్ నిండితే ముందు గోడ మీద కాగితం చూస్తున్నాడు. మొన్న తనే ఫోన్ చేసి, 'అన్నా, గిట్‌లో ఇవాళ ఒక కొత్త ప్యాకేజీ కనపడింది. మనమెవరమూ ఎక్కించలేదు, ఏందన్నా అది?' అన్నాడు. చూస్తే ఆటోమేటిక్ అప్‌డేట్ వెంట వచ్చిన లైబ్రరీ. భయపడాల్సిందేం లేదు. కానీ ఇంట్లోకి కొత్త సామాను వస్తే అడిగే మనిషి ఒకడున్నాడు. మా పది గెస్టులకు అంతకన్నా పెద్ద కాపలా అక్కర్లేదు.